గేటుకు కట్టిన రేకు బోర్డు

మా ఇంట్లో ఒక రేకు బోర్డు ఉండేది. తెల్లరంగు మీద ఎర్ర అక్షరాలతో 'టు-లెట్' అని రాసి ఉండేది. మధురానగర్‌లో బాపు కట్టిన ఇల్లు రెండంతస్తులు. కింద మేము ఉండేవాళ్ళం, పైపోర్షన్ అద్దెకు ఇచ్చేవాళ్ళం. ఎర్రమంజిల్‌లోని ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, తల నెరిసేదాకా చేసి, ఆయన కూడబెట్టిన ఆస్తి అంతా ఆ ఇల్లే. పైన ఖాళీ అయినప్పుడల్లా బోర్డు మంచం కింది నుంచి బయటికి వచ్చేది. నేను తడిగుడ్డతో తుడిచి ఇచ్చేదాన్ని, బాపు బైండింగ్ వైరుతో గేటుకు బిగించేవాడు.

ఊళ్ళకు ఊళ్ళు కంప్యూటర్ కోర్సుల కోసం అమీర్‌పేటలో వచ్చి పడుతున్న రోజులవి. బోర్డు కట్టిన మర్నాడు టిఫిన్ గొంతు దిగకముందే గేటు గొళ్ళెం మోగేది. బాపు లుంగీ సర్దుకుని బయటికి పోయేవాడు. గేటు మాత్రం తెరిచేవాడు కాదు. దాని మీద మోచేతులు ఆనించి ఇంటర్వ్యూ మొదలుపెట్టేవాడు. ఏం పని చేస్తరు, ఎంతమంది ఉంటరు, సొంతూరేది, నీళ్ళు మస్తు వాడుతరా? అన్నీ అయ్యాక కులం కనుక్కునే అసలు ప్రశ్న వచ్చేది. "ఇంతకు మీరు ఏమిటోళ్ళు?"

జవాబు నచ్చకపోతే ఆయన కసురుకునే రకం కాదు. మా బాపుకు మొహమాటం ఎక్కువ. "అయ్యో, జర ముందొస్తె మంచిగుండు. నిన్ననే మా చుట్టపోళ్ళకు మాటిచ్చినం" అనేవాడు. అవతలివాళ్ళు ఒకసారి బోర్డును, ఒకసారి బాపును చూసి వెళ్ళిపోయేవాళ్ళు. లోపల నేనూ అమ్మా నోరు మూసుకుని నవ్వేవాళ్ళం. "గింతమంది చుట్టాలుండి ఏం లాభం, ఒక్కరన్న సామాన్ తెచ్చుకొని దిగరు" అని అమ్మ ఆయన్ని ఏడిపించేది. చిన్నప్పటినుంచీ అది మా ఇంటి హాస్యం. నేను ఇంజనీరింగ్ చదివినా, పంజగుట్టలో ఉద్యోగంలో చేరినా, దాన్ని హాస్యంగానే విన్నాను.

ఆ ఉద్యోగంలో నా పక్క సీటులో ఒకమ్మాయి ఉండేది. అమీర్‌పేట సందుల్లో పుట్టి పెరిగిన ముస్లిం పిల్ల. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, బాసుతో ఇంగ్లీషు, కోపమొస్తే మూడూ కలిపి మాట్లాడేది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి మిషన్ కుట్టి కూతుర్ని చదివించింది. కొన్నాళ్ళ తర్వాత తెలిసింది, మా అమ్మ ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టించుకుంటున్నది ఆ తల్లి దగ్గరేనని. "మీ అమ్మ మెడ దగ్గర పట్టేసిందని ఎన్నిసార్లు కుట్లు ఇప్పించిందో తెల్సా? మా అమ్మీ దండం పెడ్తది మీ ఇంటికి" అని నన్ను ఆటపట్టించేది.

మా ఇద్దరినీ కంపెనీ ఇంగ్లాండు పంపింది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. విమానం సంగతి అటుంచి, నేను విజయవాడ రైలు కూడా ఒంటరిగా ఎక్కినదాన్ని కాదు. ఒక చిన్న ఊళ్ళో పని. మొదట్లో కంపెనీ గెస్ట్‌హౌసులో ఉంచి, తర్వాత మీ గది మీరు చూసుకోండి అన్నారు. అక్కడ పేపర్లు అమ్మే దుకాణం అద్దానికి లోపలివైపు చిన్న చిన్న కార్డులు అంటించేవాళ్ళు. కుక్కపిల్లలు అమ్మబడును, పియానో నేర్పబడును, గది అద్దెకు ఇవ్వబడును. గది కార్డు చూసి ఫోన్ చేశాం. ఒక పెద్దావిడ గొంతు, పంచదార పాకంలా ఉంది. వెంటనే వచ్చి చూసుకోండి అంది.

వెళ్ళాం. ఆవిడ తలుపు సగమే తెరిచింది. నన్ను చూసింది, నా స్నేహితురాల్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశాను డియర్. నా చెల్లెలి కూతురు వస్తోంది" అంది. ఎంతో నొచ్చుకుంటూ అంది. మేమూ పరవాలేదని నవ్వి వచ్చేశాం. మర్నాడు దుకాణం ముందునుంచి వెళ్తుంటే కార్డు అక్కడే ఉంది. ఆ వారమంతా అక్కడే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నడిరోడ్డు మీద నిలబడి తెలుగులో తిట్టాను. లేదంటే లేదని మొహం మీద చెప్పి చావొచ్చు కదా, ఈ దొంగ చుట్టరికాలెందుకు? మనమేం దొంగలమా, అంటరానివాళ్ళమా? అవమానంతో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా జీవితంలో అంతకు ముందు ఎవరూ నన్ను గుమ్మంలోనుంచి పంపెయ్యలేదు. అది మాత్రం పక్కనున్న పిట్టగోడ మీద కూర్చుని కాగితంలోంచి ఆలుగడ్డ ముక్కలు తీసి తింటోంది.

"నీకేం కోపం రాదా?" అన్నాను.

"నీకు కొత్తనా?" అంది. "నాకు పాతదే. అబ్బా పోయినంక మేము ఇల్లు కోసం పంజగుట్ట నుంచి ఎర్రమంజిల్ దాంక తిరిగినం. ఒక్కో గేటు కాడ ఒక్కో చుట్టం. గీమె నయం, డియర్ అన్నది."

నాకు ఇంకా పౌరుషం పొడుచుకొచ్చింది. "నీకు హైదరాబాద్‌ల ఎప్పుడన్న ఇల్లు కావాల్నంటె మా పైపోర్షన్ నీదే. ఎవ్వల గేటు కాడికీ పోకు. ఒట్టు."

"పక్కానా?"

"పక్కా."

ఆ క్షణాన మా గేటు, దాని మీద మోచేతులు ఆనించిన బాపు నాకు గుర్తుకు రాలేదంటే ఎవరూ నమ్మరు. నిజంగానే రాలేదు. చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. ఆవిడ చెల్లెలి కూతురు అబద్ధం, మా బాపు చుట్టాలు హాస్యం. రెండూ ఒకటేనని తెలియడానికి నేను ఏ దేశం వెళ్ళాలో నాకు అర్థం కాదు.

చివరికి ఒక చేపల దుకాణం పైన రెండు గదులు దొరికాయి. ఏడాది ఉన్నాం. వేడినీళ్ళ కోసం కొట్టుకున్నాం, గిన్నెలు ఎవరు కడగాలో కొట్టుకున్నాం, నా గోంగూర పచ్చడి అది సగం ఖాళీ చేసిందని రెండు రోజులు మాట్లాడుకోలేదు. రంజాన్ ఉపవాసాలు చలికాలంలో వచ్చాయి. అక్కడ చలికాలపు పగలు ఇట్టే అయిపోతుంది. "నీ అదృష్టం, గిట్ల కన్ను మూసి తెరిస్తె రోజా అయిపోతుంది" అని ఏడిపించేదాన్ని. అది చీకట్లో లేచి తనకు చేసుకున్న ఆమ్లెట్టుతో పాటు నాకూ ఒకటి వేసి, గిన్నె బోర్లించి పెట్టేది. నేను లేచేసరికి చల్లారిపోయి ఉండేది. అదే తిని బస్సెక్కేదాన్ని. నాకు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు నా తల తుడిచింది కూడా అదే. ఇంత దగ్గరితనం నాకు చుట్టాల పిల్లలతో కూడా లేదు.

తిరిగొచ్చాక నా మాట తీరే మారిపోయింది. మూడు మాటలకోసారి 'అక్కడైతే' అనేదాన్ని. అక్కడైతే క్యూలో నిలబడతారు, అక్కడైతే హారన్ కొట్టరు. అన్నిటికన్నా ఎక్కువగా చెప్పింది కార్డు కథ. ఆఫీసులో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, మేనత్తకు రెండుసార్లు చెప్పాను. ఆవిడ తలుపు సగం తెరవడం, చెల్లెలి కూతురు, వారమంతా అద్దానికి అంటుకున్న కార్డు. చెప్పిన ప్రతిసారీ నేనొక అంగుళం పొడుగయ్యేదాన్ని. లోకం చూసొచ్చిన పిల్ల, అన్యాయం రుచి తెలిసిన పిల్ల!

నాకన్నా బాపుకు కోపం ఎక్కువ వచ్చింది. "గంత చదువుకున్నోళ్ళు గట్ల చేస్తరా? మనిషిని మనిషి లెక్క చూడొద్దా?" అన్నాడు. సాయంత్రం ఇరానీ హోటల్లో తన స్నేహితులకు ఆ కథ చెప్పేవాడు. వాళ్ళలో సగంమంది ముస్లింలే. ఆయన చదువు మొదలైందే ఉర్దూలో. ఇప్పటికీ లెక్కలు మనసులో ఉర్దూలోనే వేసుకుంటాడు. "మా బిడ్డకు గాడ ఇల్లియ్యలే భాయ్" అని ఆయన అంటే, వాళ్ళంతా నాలుక చప్పరించి 'తౌబా తౌబా' అనేవాళ్ళట.

చిన్న వయసులో దేశం దాటితే బుద్ధి విశాలమవుతుందని అందరూ అంటారు. నేనూ అన్నాను, కాలేజీలో పిల్లలకు స్టేజీ ఎక్కి మరీ చెప్పాను. కళ్ళు తెరుచుకుంటాయన్నాను. ఎదుటివాడి తప్పు చూసే కన్ను నిజంగానే తెరుచుకుంది.

ఆ మరుసటి ఏడు పైపోర్షన్ ఖాళీ అయ్యింది, బోర్డు ఎక్కింది. అప్పుడే, నా స్నేహితురాలూ వాళ్ళ అమ్మీ అద్దెకుంటున్న పాత ఇంటి ఓనరు దాన్ని బిల్డరుకు ఇచ్చేశాడు. ఇల్లు పడగొట్టి అక్కడ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ల కోసం పెద్ద కాంప్లెక్సు కడతారు. ఖాళీ చెయ్యాలి. ఎక్కడ అడిగినా టోలీచౌకి పొమ్మంటున్నారు. "మీవాళ్ళు గాడ ఉంటరు కద" అంటున్నారు. తల్లికి మోకాళ్ళ నొప్పులు. జాకెట్లు ఇచ్చేవాళ్ళంతా అమీర్‌పేట, మధురానగర్, శ్రీనగర్ కాలనీ వాళ్ళు. టోలీచౌకి వెళ్తే ఆమె చేతిలో పని పోయినట్టే. పని పోతే ఆమె మంచం పడుతుందని దాని భయం.

చాయ్ తాగుతూ అడిగింది. సూటిగా అడగలేదు. "మీ గల్లీల నుంచి వస్తుంటె బోర్డు చూసిన" అంది. కప్పులోకి చూస్తూ "ఒట్టు గుర్తుందా?" అంది.

"గుర్తుండకపోవుడేంది! ఆదివారం రా, అమ్మీని సుత తోల్కరా" అన్నాను. ఎంత సంతోషంగా అన్నానో. మాట నిలబెట్టుకునే అవకాశం వచ్చినందుకు మురిసిపోయాను.

శనివారం బాపుతో చెప్పాను. "నాతోటి ఇంగ్లాండ్‌ల ఉన్నది కద, గామె. వాళ్ళ అమ్మతోటి రేపు ఇల్లు చూడ వస్తది." బాపు పేపరు మడిచాడు. "రానియ్ బిడ్డా. మంచిగ చాయ్ తాగి పోతరు" అన్నాడు. నేను 'రానియ్' అన్నది విన్నాను. మిగతాది వినలేదు.

వాళ్ళు వచ్చారు. తల్లి నల్ల బురఖాలో, మొహం మీద చెమట తుడుచుకుంటూ, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరుతో. అమ్మ ఇచ్చిన జాకెట్టు కుట్టి తెచ్చింది. బాపు ఎదురువెళ్ళి గేటు బార్లా తెరిచాడు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళకు ఆయన ప్రశ్నలకు ముందే గేటు తెరవడం అదే మొదటిసారి. "ఆదాబ్, ఆయియే బహెన్" అన్నాడు. మంచి కుర్చీ వేయించాడు, ఫ్యాను పెంచాడు. చుట్టాలకు మాత్రమే బయటికి తీసే కప్పుల్లో అమ్మ చాయ్ పోసింది. ఏం పని, ఎంతమంది, నీళ్ళు, ఏ ప్రశ్నా లేదు. ఏమిటోళ్ళు అన్న ప్రశ్న అసలే లేదు. నా గుండె పొంగింది. చూశావా మా బాపును, అన్నట్టు దాని వైపు చూశాను.

నేనే వాళ్ళను పైకి తీసుకెళ్ళాను. మెట్లు ఎక్కడానికి ఆమెకు కష్టమైంది, అయినా పైకొచ్చాక నవ్వింది. వీధి వైపు కిటికీ దగ్గరికి వెళ్ళి గట్టు మీద చెయ్యి పెట్టింది. "గీడ మిషన్ ఏస్కోవచ్చు. వెల్తురు మస్తుంది" అంది. కూతురు వంటింటి కుళాయి తిప్పి చూసింది. "నీళ్ళ కోసం మళ్ళ కొట్లాడుకుందాం" అంది నాతో. ఇద్దరం నవ్వాం.

కిందికి దిగాక బాపు లేచి నిలబడ్డాడు. ఉర్దూలో చెప్పాడు. ఎంతో మెత్తగా, చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటూ. ఏం చెప్పను బహెన్, జర ముందొస్తే బాగుండేది, నిన్ననే మా చుట్టాలకు మాటిచ్చేశాం అన్నాడు. నాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన మాటలే. ఉర్దూలో ఇంకా మర్యాదగా వినిపించాయి.

"కోయి బాత్ నహీఁ భాయ్‌సాబ్" అంది ఆమె. "చుట్టాలే ముందు కద."

అది బాపు వైపు చూడలేదు. నా వైపు చూసింది. దాని చూపులో కోపం లేదు, నేనేదైనా అంటానేమో అని చూసింది. ఏ చుట్టాలు బాపూ, అని ఒక్క మాట అడిగితే చాలు. నేను రంజాన్ నెలంతా దాని చేతి ఆమ్లెట్టు తిన్నదాన్ని. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "ఆంటీ, బిస్కెట్ తీసుకోండ్రి."

ఆమె మర్యాదకు ఒక బిస్కెట్టు తీసుకుంది.

గేటు దాకా వెళ్ళాను. వెళ్ళకపోయినా బాగుండేది. అది గేటు బయట ఆగింది. వంగి, బోర్డుకు కట్టిన వైరు మెలికలు ఒక్కొక్కటే విప్పింది. తొందరపడకుండా, గోరు విరగకుండా. బోర్డు తీసి నా చేతికిచ్చింది.

"ఇచ్చేసిండ్రు కద, తీసెయ్" అంది. "లేకుంటె మళ్ళెవరన్న చూసి వస్తరు. ఉత్తగ తిరుగుడైతది."

నేను బోర్డు ఛాతీకి పట్టుకుని నిలబడ్డాను. ఇంగ్లాండులో ఆ కార్డు వారమంతా అద్దానికి ఉందని నడిరోడ్డు మీద అరిచింది నేను. ఇప్పుడు మా అబద్ధానికి మచ్చ రాకుండా దాన్ని సర్దుతున్నది అది. తల దించుకుంటే బోర్డు మీద ఎర్ర అక్షరాలు తప్ప ఏమీ కనబడలేదు. "చల్ బేటా" అంది తల్లి. ఇద్దరూ మలుపు దాకా నెమ్మదిగా నడిచి వెళ్ళారు, ఆమె కూతురి భుజం పట్టుకుని.

లోపలికి వచ్చి అరిచాను. అప్పుడు నోరు బాగానే లేచింది. "గాడ నాకు ఇల్లియ్యనోళ్ళను తిడ్తివి కద బాపూ! మనిషిని మనిషి లెక్క చూడొద్దా అంటివి కద!"

"గది వేరే" అన్నాడు బాపు. ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం. "గాళ్ళు నిన్ను తక్కువ జేసిండ్రు. నేనేమన్న తక్కువ జేసిన్నా? కుర్సీ ఏసిన, చాయ్ తాపిన. నా దోస్తులు ఎవలో నీకు తెల్వదా? దోస్తానా వేరే, ఇల్లు వేరే బిడ్డా. రేపు నీ పెండ్లి మాటకొచ్చేటోళ్ళు పైన ఎవలుంటరని అడిగితె నేనేం చెప్పాలె?"

నేను గదిలోకి పోయి తలుపేసుకున్నాను. నా పెళ్ళి మాట రాగానే నా కోపం సగం చల్లారిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది. పక్క గదిలో అమ్మ కొత్త జాకెట్టు వేసుకుని చూసుకుంటోంది. మెడ దగ్గర ఈసారి సరిగ్గా కుదిరిందని తనలో తాను అనుకోవడం నాకు వినిపించింది.

సోమవారం అది మామూలుగానే నా సీటు దగ్గరికొచ్చి చాయ్‌కి పిలిచింది. తిడితే బాగుండేది, మాట మానేస్తే ఇంకా బాగుండేది. మధ్యాహ్నం బాక్సులు విప్పినప్పుడు, త్వరలో విదేశం పోబోయే కొత్త పిల్లలు మా చుట్టూ చేరారు. ఆ కార్డు కథ చెప్పండి మేడమ్ అన్నారు. నేను మొదలుపెట్టాను. తలుపు సగం తెరవడం దాకా చెప్పి, బాక్సు మూత వెతుక్కున్నాను. మిగతాది అదే చెప్పింది. చెల్లెలి కూతురు గురించి ఆ పెద్దావిడ గొంతు అనుకరించి మరీ చెప్పింది. పిల్లలంతా నవ్వి, ఛీ ఏం మనుషులండీ అన్నారు. నేను కూడా తలూపాను.

వాళ్ళకు టోలీచౌకిలోనే ఇల్లు దొరికింది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున బాపు మంచం కింది నుంచి బోర్డు తీశాడు. వారం రోజుల దుమ్ము ఉంది. నన్ను పిలవలేదు, తానే లుంగీ అంచుతో తుడిచాడు. నేను వరండాలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. గేటు దగ్గర కాసేపు తంటాలు పడ్డాడు. వైరు కుదరడం లేదు, ఒక చేత్తో బోర్డు, ఒక చేత్తో పట్టకారు.

"బిడ్డా, జర గీ వైర్ పట్టు" అన్నాడు నా వైపు చూడకుండా.

లేచి వెళ్ళి పట్టుకున్నాను. ఆయన పట్టకారుతో మెలికలు తిప్పి బిగించాడు. అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి, వంకర పోయిందా చూడమన్నాడు. నేను రోడ్డు మీదికి వెళ్ళి, దూరంగా నిలబడి చూసి, సరిగ్గానే ఉందని చెప్పాను.